తొందరపడని న్యూరాన్లు

ఎలుక న్యూరాన్లతో పీహెచ్‌డీ చేసేవాళ్లకీ మనిషి న్యూరాన్లతో చేసేవాళ్లకీ ఉన్న తేడా వాళ్ల క్యాలెండర్ చూస్తే తెలిసిపోతుంది. ఎలుక పిండం మెదడులోంచి తీసి పళ్లెంలో వేసిన కణాలు రెండు మూడు వారాలకే తీగలు సాగించి, ఒకదాన్నొకటి పట్టుకుని, కలిసికట్టుగా విద్యుత్ సంకేతాలు పంపుకోవడం మొదలుపెడతాయి. నెల తిరిగేసరికి ప్రయోగం ముగుస్తుంది. ఏదైనా బెడిసికొట్టి మళ్లీ మొదలుపెట్టినా కొంప మునగదు. మనిషి మూలకణాల నుంచి మామూలు దారిలో పెంచుకునే న్యూరాన్ల సంగతి వేరు. సంక్రాంతినాడు మూలకణాలను ఆ దారి పట్టిస్తే ఉగాదికి అవి ఇంకా బుడిబుడి నడకల్లోనే ఉంటాయి. వేసవి గడిచి తొలకరి పడితే గానీ చెప్పుకోదగ్గ మాట వినిపించదు.

అదే పళ్లెం, అదే తిండి, అదే 37 డిగ్రీల వెచ్చదనం. చుట్టూ మెదడు లేదు, తల్లి గర్భం లేదు, ఇన్ని నెలలు ఆగమని చెప్పే పెద్దదిక్కు లేదు. అయినా మనిషి కణం మనిషి లెక్క ప్రకారమే ఎదుగుతుంది. ల్యాబ్‌లో పెంచిన మానవ నాడీకణాల గురించి చదివిన ప్రతిసారీ నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే. పళ్లెంలోని కణాలు వీడియో గేమ్ ఆడాయన్న వార్త పేపర్లకెక్కింది. దాని సంగతీ చెబుతాను, కానీ ముందు ఈ నిదానం కథ చెప్పుకోవాలి.

పళ్లెంలో నాడీకణం అనే ఆలోచనే ఒక తగువు తీర్చడానికి పుట్టింది. 1906లో వైద్య నోబెల్‌ను ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీకీ, స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రమోన్ ఇ కహాల్‌కీ కలిపి ఇచ్చారు. ఇద్దరూ అదే వేదిక మీద ఒకరితో ఒకరు విభేదించారు. మెదడంతా తెగని ఒకే వల అంటాడు గోల్జీ. కాదు, దేనికది విడివిడి కణం, ప్రతి కణం నుంచీ తీగలు మొలిచి పక్కవాటి దాకా పాకుతాయి అంటాడు కహాల్. చచ్చిన కణజాలానికి రంగులు వేసి చూస్తే ఈ వాదం తేలేది కాదు. మొలవడాన్ని కళ్లారా చూడాలి. మరుసటి ఏడాది, 1907లో, అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాస్ హారిసన్ కప్ప పిండంలో నాడీ గొట్టం ముక్క ఒకటి తీసి, కప్ప లింఫ్ చుక్కలో ఉంచి, ఆ చుక్కను గాజుబిళ్ల కింద వేలాడదీసి మైక్రోస్కోపు పెట్టాడు. ముక్కలోంచి సన్నటి పోగులు బయలుదేరి, కొసన చిన్న అరచేయిలాంటిది అటూ ఇటూ తడుముకుంటూ ముందుకు సాగాయి. కహాల్ గెలిచాడు. ప్రాణమున్న కణజాలాన్ని శరీరం బయట పెంచే విద్యకు కూడా ఆ వేలాడే చుక్కే మూలపురుషుడు.

కప్పతో అయింది, తర్వాత ఎలుకతో అయింది. మనిషితో ఎలా? చర్మకణాలు పళ్లెంలో వేస్తే విభజన చెంది పెరుగుతాయి. కేన్సర్ కణాలైతే ఆపడమే కష్టం. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి తీసిన కణాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా పెరుగుతూనే ఉన్నాయి. న్యూరాన్ మాత్రం ఒకసారి న్యూరాన్ అయ్యాక ఇక రెండుగా చీలదు. బతికున్న మనిషి తలలోంచి కాస్త తీసిపెట్టమని అడగలేం. ఆపరేషన్ గదిలో మూర్ఛరోగికి తీసేసిన చిన్న ముక్కలు దొరికితే దొరికినట్టు.

దారి 1998లో సగం తెరుచుకుంది. ఆ ఏడాది విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను వేరుచేసి పెంచాడు. తలుపు బార్లా తెరిచినవాడు క్యోటోలోని షిన్యా యమనాకా. ఒక మామూలు చర్మకణాన్ని వెనక్కి నడిపించి, ఏ కణంగానైనా మారగల పసితనానికి తీసుకెళ్లవచ్చా అన్నది ఆయన ప్రశ్న. దీనికి పనికొస్తాయనిపించిన 24 జన్యువులను ఏరారు. అన్నీ కలిపి ఎలుక కణాల్లోకి ఎక్కిస్తే పని జరిగింది. అప్పుడు ఒక్కోసారి ఒక్కో జన్యువును పక్కన పెడుతూ, ఏది లేకపోతే వంట చెడుతుందో చూశారు. అలా పదికి దిగి, చివరికి నాలుగు మిగిలాయి. 2006లో ఎలుకలోనూ, 2007లో మనిషిలోనూ. 2012లో నోబెల్ వచ్చింది, అంతకు అర్ధశతాబ్దం ముందే కప్పలతో ఇదే దారి చూపిన జాన్ గర్డన్‌తో కలిపి. ఇప్పుడు ఒక రక్తపు సీసా చాలు, మీ న్యూరాన్లనే పళ్లెంలో పెంచవచ్చు. ఆ మూలకణాల్ని పెంచుకోవడం కూడా మనకు తెలియని విద్యేం కాదు, పెరుగు తోడు వేసుకున్నట్టే. ఇవాళ్టి గిన్నెలోంచి కొంచెం రేపటికి మిగల్చాలి. ఒకపూట ఏమరుపాటున పట్టించుకోకపోతే పులిసిన పెరుగులాగే పాడవుతాయి.

మూలకణం న్యూరాన్ కావడానికి ఏం చేయాలి? ఏదో ఒక మందు వేసి బలవంతంగా మార్చాలేమో అనుకుంటాం. నిజానికి జరిగేది దాదాపు దానికి తలకిందులు. పిండంలోని కణానికి "చర్మం అవు", "ఇంకోటి అవు" అంటూ చుట్టుపక్కల నుంచి కబుర్లు అందుతూ ఉంటాయి. ఆ కబుర్లు చెవిన పడకుండా చేస్తే అది తనంత తానే నాడీకణాల దారి పడుతుంది. 2009లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ సంస్థలో లోరెంజ్ స్టూడర్ బృందం రెండు సంకేత మార్గాలను ఒకేసారి మూసి దీన్ని సులువైన పద్ధతిగా మార్చింది. కొన్నాళ్లకు పళ్లెంలో కణాలు గుండ్రంగా, రేకులు పేర్చినట్టు సర్దుకుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే చామంతి తోటలా ఉంటుంది. గర్భంలో నాలుగో వారంలో వెన్నుపాముకూ మెదడుకూ పునాదిగా ఏర్పడే గొట్టానికి ఇది పళ్లెంలోని రూపం. ఆ పువ్వులు కనిపిస్తే ల్యాబ్‌లో ఆ రోజు అందరికీ టీ. అడ్డదారి కూడా ఉంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో థామస్ సూడాఫ్ బృందం ఎన్‌జీఎన్2 అనే ఒక్క జన్యువును బలంగా రగిలించి, పువ్వుల దశ లేకుండానే రెండు వారాల్లోపు న్యూరాన్ రూపం తెప్పించింది. రూపం వచ్చినంత మాత్రాన పెద్దరికం రాదు. సంకేతాలు జట్టుగా నడవడానికి ఆ కణాలకు కూడా ఇంకొన్ని వారాలు కావాలి. మీసం మొలిచినవాడల్లా పెద్దమనిషి కాదు గదా.

ఈ పని చేసేవాళ్ల చేతులు చూస్తే ఇది పరిశోధనా, పెంపకమా అనిపిస్తుంది. ముందు పళ్లెం సిద్ధం చేయాలి. ఉత్త గాజు మీదో ప్లాస్టిక్ మీదో న్యూరాన్ నిలవదు. ముగ్గు నిలవాలంటే ముందు కళ్లాపి చల్లాలి. ఇక్కడ కళ్లాపి అంటే లైసిన్ గొలుసులతో ఒక పూత, దాని మీద లామినిన్ అనే ప్రొటీన్‌తో ఇంకో పూత. పూత పలచనైతే ఏం జరుగుతుందో తొలి వారాల్లో తెలియదు. కణాలు చక్కగా పరుచుకుంటాయి, తీగలు సాగుతాయి, నెలన్నర గడుస్తుంది. ఒకనాటి పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీసి చూస్తే, మొత్తం అల్లిక ఒక మూల నుంచి లేచి, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ముడుచుకుని ద్రవంలో తేలుతూ ఉంటుంది. దాన్ని మళ్లీ అంటించే విద్య లేదు. ఆ నెలన్నర పోయినట్టే.

తిండి పెట్టడానికీ ఒక పద్ధతి ఉంది. రెండు మూడు రోజులకోసారి పళ్లెంలోని ద్రవంలో సగమే తీసి, సగమే కొత్తది పోయాలి. పూర్తిగా మార్చకూడదు. ఎందుకంటే కణాలు తమకు కావలసినవి కొన్ని తామే ఆ ద్రవంలోకి వదులుకుంటాయి, అదంతా పారబోస్తే వాటి ఇల్లు ఖాళీ చేయించినట్టే. పిపెట్ కొసను పళ్లెం గోడకు ఆనించి, చుక్క చుక్కగా, కణాల నెత్తిన ధార పడకుండా పోయాలి. ద్రవానికి ఫినాల్ రెడ్ అనే రంగు కలిపి ఉంటుంది. ఎర్రగా ఉంటే క్షేమం. కణాలు తిని వదిలిన ఆమ్లంతో నారింజ రంగుకు తిరుగుతుంది, పసుపు పచ్చగా మారితే తిండి ఆలస్యమైందని అర్థం. పసుపుతో పాటు మసక కూడా కనిపిస్తే బాక్టీరియా చేరినట్టు, ఇక ఆ పళ్లెం బ్లీచింగ్ ద్రావణంలోకే. ఆదివారమైనా పండగైనా ఈ పూజ తప్పదు. "పండక్కి రావట్రా" అని అమ్మ ఫోన్ చేస్తే "కణాలకి మీడియం మార్చాలమ్మా" అనే పిల్లలు ఇవాళ అమెరికాలోనూ యూరప్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నారు. "నీ కణాలకి సెలవుండదా నాన్నా" అన్న అమ్మ ప్రశ్న అమాయకమైందేమీ కాదు. నిజంగానే వాటికి సెలవు లేదు.

ఒంటరిగా న్యూరాన్లను మాత్రమే పెంచితే అవి సరిగ్గా కలుసుకోవు. మెదడులో న్యూరాన్లకు తోడుండే ఆస్ట్రోసైట్లనే కణాలున్నాయి, పేరుకు తగ్గట్టు నక్షత్రాల్లా ఉంటాయి. వీటిని చాలాకాలం మెదడులో ఖాళీలు నింపే జిగురుగా చూశారు. 1997లో బెన్ బారెస్ ల్యాబ్ చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, ఇవి పక్కనుంటేనే న్యూరాన్ల మధ్య సైనాప్స్‌లు గట్టిగా పనిచేస్తాయి. సైనాప్స్ అంటే ఒక న్యూరాన్ రసాయనంతో పక్కదానికి కబురందించే సందు. అందుకే చాలా ల్యాబుల్లో మనిషి న్యూరాన్లకు తోడుగా ఎలుక ఆస్ట్రోసైట్లను వేస్తారు. మనిషి బిడ్డకు ఎలుక దాది అన్నమాట.

ఇంత పెంచాక ఇవి ఏమంటున్నాయో వినాలి గదా. దానికి వాడే పళ్లేన్ని ఒకసారి దగ్గరగా చూడండి. అరచేతిలో ఇమిడే చదరపు గాజుబిళ్ల, మధ్యలో చిన్న గాజు ఉంగరం, ఉంగరం లోపల ద్రవం. అడుగున, మామూలు కంటికి చుక్కలుగా కూడా ఆనని 60 ఎలక్ట్రోడ్లు. ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది, నాలుగు మూలలూ ఖాళీ. ఒక్కోటి 30 మైక్రాన్ల వెడల్పు, ఒకదానికొకటి 200 మైక్రాన్ల దూరం. ఒక్కో దాని నుంచి సన్నటి తీగ గాజుబిళ్ల అంచుదాకా పరుచుకుని ఉంటుంది, ముగ్గులో చుక్కల నుంచి గీతలు లాగినట్టు. కణాలు ఈ చుక్కల మీదే పెరుగుతాయి. వాటిలోకి సూది గుచ్చే పని లేదు కాబట్టి అదే పళ్లేన్ని వారాల తరబడి, నెలల తరబడి వినవచ్చు. న్యూరాన్ ఒకసారి స్పందిస్తే బయటి ద్రవంలో పుట్టే అల కొన్ని పదుల మైక్రోవోల్టులు, ఉండేది వెయ్యోవంతు సెకను. గోడ గడియారంలో వేసే బ్యాటరీ వోల్టేజీని యాభై వేల ముక్కలు చేస్తే వచ్చేంత. పక్క గదిలో ఫ్రిజ్ ఆన్ అయినా అది కూడా రికార్డవుతుంది.

ఒక్కో ఎలక్ట్రోడ్ దగ్గర సెకనుకు 25 వేల సార్లు కొలిస్తే, ఒక పళ్లెం పది నిమిషాలు మాట్లాడిన మాటలకు దాదాపు 1.8 జీబీ డేటా అవుతుంది. పళ్లేలు పాతిక, వారానికి రెండుసార్లు, మూడు నెలలు. హార్డ్ డిస్కులు కొనడానికి గైడ్ దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వచ్చేది అందుకే. కణాలు పెంచడం నేర్చుకుందామని చేరిన బయాలజీ విద్యార్థి సగం థీసిస్ పైథాన్ కోడ్ రాస్తూ గడపడం మామూలైపోయింది.

మరి ఏం వినిపిస్తుంది? ఫిన్లాండ్‌లోని తంపెరెలో సుసన్నా నర్కిలహ్తి బృందం మానవ పిండ మూలకణాల నుంచి పెంచిన న్యూరాన్లు తమంతట తామే చురుకైన నెట్‌వర్క్‌గా ఏర్పడతాయని 2009లో చూపింది. అక్కడ కనిపించిన వరసే తర్వాత ఎన్నో ల్యాబుల్లో కనిపించింది. మొదట్లో అక్కడొకటి ఇక్కడొకటి విడి చప్పుళ్లు. గుడి మంటపంలో భజనకు ముందు ఎవరో తాళం ఒకసారి కొట్టి చూసుకుంటారే, అలా. తర్వాత ఒక్కో ఎలక్ట్రోడ్ దగ్గర చప్పుళ్లు గుంపులు గుంపులుగా వస్తాయి. మళ్లీ వారాలు. ఒకరోజు అన్ని ఎలక్ట్రోడ్లూ ఒక్కసారే మోగుతాయి, ఆగుతాయి, నిశ్శబ్దం, మళ్లీ అన్నీ ఒక్కసారే. భజన అందుకుంది. ఎవరూ తాళం నేర్పలేదు, పెద్ద భాగవతార్ ఎవరూ లేరు. పళ్లెం అంతటా పాకిన తీగల వెంట ఒకరి చప్పుడు ఇంకొకరిని లేపడం, లేచినవాళ్లు ఇంకొందరిని లేపడం, అందరూ అలిసి ఒకేసారి ఊరుకోవడం, అంతే. దీన్నే నెట్‌వర్క్ బర్స్ట్ అంటారు. తెర మీద ఒక్కో స్పందనను ఒక్కో గీతగా, ఎలక్ట్రోడ్ల వరుసలన్నీ ఒకదాని కింద ఒకటిగా గీస్తే, బర్స్ట్ పైనుంచి కిందిదాకా నిలువు పట్టీలా కనిపిస్తుంది, నేత చీర అంచులో చారలా. మొదటిసారి ఆ పట్టీ కనిపించిన రోజు తేదీ ఆ విద్యార్థికి పుట్టినరోజు కన్నా బాగా గుర్తుంటుంది.

అది నిజంగా కణాల మాటా, లేక వైర్ల రొదా? తేల్చడానికి పఫర్ చేప విషం ఉంది, టెట్రోడోటాక్సిన్. న్యూరాన్ పొరలో సోడియం వెళ్లే ద్వారాలను మూసేస్తుంది. చుక్క వేస్తే పళ్లెం మూగబోతుంది. మూగబోకపోతే మీరు ఇన్నాళ్లూ ఫ్రిజ్ మాటలు విన్నట్టే. గ్లుటమేట్ అనే రసాయనం మోసే కబుర్లను ఆపే మందు వేస్తే బర్స్టులు ఆగిపోతాయి, అంటే జట్టు కట్టించేది గ్లుటమేట్ అని రుజువు. గాబా అనే రసాయనాన్ని అడ్డుకుంటే ఏమవుతుందన్నది ఇంకా రంజుగా ఉంటుంది. పెద్దల మెదడులో గాబా "ఊరుకో" అని చెబుతుంది. లేత న్యూరాన్‌లో మాత్రం అదే గాబా "కానీ" అంటుంది. లేత కణం లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి గాబా ద్వారం తెరిస్తే అది బయటికి పారి కణం రేగుతుంది. ఎదిగాక ఆ క్లోరైడ్‌ను తోడి బయట పోసే పంపు ఒకటి పనిలోకి దిగుతుంది, అప్పుడు గాబా అర్థం తిరగబడుతుంది. మాట అదే, వినేవాడి వయసును బట్టి అర్థం వేరు. పళ్లెంలోని నెట్‌వర్క్ వయసెంతో అడగడానికి గాబాను కదిపి చూడటం ఒక మార్గం.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. మనిషి కణానికి ఇంత నిదానం ఎందుకు? పళ్లెం తిండి సరిపోక వెనకబడిందేమో అన్న అనుమానం సహజమే. బ్రస్సెల్స్‌లోనూ తర్వాత లూవెన్‌లోనూ పియెర్ వాండర్‌హేగెన్ బృందం ఆ అనుమానాన్ని సూటిగా పరీక్షించింది. మనిషి న్యూరాన్లను అప్పుడే పుట్టిన ఎలుక మెదడులో నాటారు. చుట్టూ ఎలుక కణాలు వారాల్లో ఎదిగిపోతున్నాయి, రక్తం అందుతోంది, అన్నీ అమరాయి. మనిషి కణాలు మాత్రం నెలల తరబడి తమ పద్ధతిలోనే, కొమ్మ తర్వాత కొమ్మ వేసుకుంటూ ఎదిగాయి. ఊరు మారినా యాస మారలేదు. అంటే గడియారం కణం లోపలే ఉంది.

ఎక్కడ ఉంది? దొరికిన జవాబులు ఇంకా ముక్కలు ముక్కలే. 2023లో వాండర్‌హేగెన్ బృందమే మైటోకాండ్రియా వైపు వేలు చూపింది. మనిషి న్యూరాన్‌లో ఈ శక్తి కేంద్రాలు ఎలుకలో కన్నా మెల్లగా నడుస్తాయి, వాటి పని పెంచితే న్యూరాన్ ఎదుగుదల వేగమందుకుంటుంది. 2024లో స్టూడర్ బృందం ఇంకో తాళం కనిపెట్టింది. న్యూరాన్ పుట్టకముందే, దాని తల్లి కణంలోనే, ఎదుగుదలకు కావలసిన జన్యువుల మీద రసాయన ముద్రలు పడి ఉంటాయి, నెలల తరబడి మెల్లగా ఒక్కోటి సడలుతుంది. ఆ ముద్రలు వేసే ఎంజైమును తల్లి కణంలోనే కొద్దిరోజులు అడ్డుకుంటే పుట్టిన న్యూరాన్లు త్వరగా పెద్దవవుతాయి. పీహెచ్‌డీ విద్యార్థులకు ఇది శుభవార్తే.

కానీ ఆ శుభవార్త పక్కనే ఇంకో ఫలితాన్నీ పెట్టి చదవాలి. సిన్‌గ్యాప్1 అనే జన్యువులో లోపం ఉన్న పిల్లలకు బుద్ధిమాంద్యం, మూర్ఛ, ఆటిజం లక్షణాలు వస్తాయి. అదే లోపమున్న మానవ న్యూరాన్లను ఎలుక మెదడులో నాటి చూసినప్పుడు, అవి మామూలు కణాల కన్నా త్వరగా ఎదిగాయని 2024లో లూవెన్ నుంచి వచ్చిన పరిశోధన చెప్పింది. జబ్బు తొందరలో ఉంది. మనిషి మెదడు ముందుభాగంలో సైనాప్స్‌లను కత్తిరించి సర్దుకునే పని ముప్ఫైలకు దగ్గరయ్యేదాకా సాగుతూనే ఉంటుంది. ఆ దీర్ఘ బాల్యంలోనే మనం భాష నేర్చుకుంటాం, మనుషుల్ని నేర్చుకుంటాం. పళ్లెంలో మనం విసుక్కునే ఆలస్యం అదే ఆలస్యం.

ఈ నెట్‌వర్కులు జబ్బుల గురించి ఏం చెప్పగలవో చూపడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ నెదర్లాండ్స్‌లోని నైమెగన్ నుంచి వచ్చింది. క్లీఫ్‌స్ట్రా సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో ఈహెచ్‌ఎంటీ1 అనే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయదు. పిల్లలకు ఎదుగుదల లోపాలు, బుద్ధిమాంద్యం. నాయెల్ నదీఫ్ కస్రీ బృందం రోగుల కణాల నుంచి న్యూరాన్లు పెంచి ఎలక్ట్రోడ్ల మీద వేసింది. 2019లో ప్రచురించిన ఫలితం ఇది. రోగుల నెట్‌వర్క్‌లో బర్స్టులు తక్కువసార్లు వస్తున్నాయి, కానీ వచ్చినప్పుడు ఎక్కువసేపు సాగుతున్నాయి. భజన మొదలవడమూ ఆలస్యమే, మొదలైతే ఆపడమూ కష్టమే. వెతికితే కారణం ఎన్‌ఎండీఏ అనే ఒకరకం గ్లుటమేట్ గ్రాహకాలు మితిమీరి పనిచేయడం అని తేలింది. వాటిని అడ్డుకునే మందు వేస్తే తాళం మళ్లీ దారిలో పడింది. ఒక్కో కణాన్ని విడిగా ఎంత చూసినా ఈ తాళం తేడా అర్థమయ్యేది కాదు. అది అల్లికలో ఉండే జబ్బు.

ఇలాంటి తేడా నిజమని నమ్మించడానికి పడే పాట్లు బయటివాళ్లకు తెలియవు. రోగి కణాల పక్కన ఎవరి కణాలు పెట్టి పోల్చాలి? ఇద్దరు ఆరోగ్యవంతుల న్యూరాన్లే ఒకలా ఉండకపోవచ్చు. అందుకే ఇప్పుడు క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో రోగి మూలకణంలోనే ఆ ఒక్క లోపాన్ని సరిదిద్ది, మిగతా జన్యువులన్నీ అవే ఉన్న కవల పళ్లేన్ని తయారుచేస్తారు. లేదా ఆరోగ్యవంతుడి కణంలో ఆ లోపాన్ని పెడతారు. అది చాలక, అదే ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు మొదటి నుంచీ, వేరే వేరే బ్యాచ్‌ల కణాలతో చేసి చూపాలి. బ్యాచ్‌కు మూడు నాలుగు నెలలు. అందులో ఒకటి మీగడలా ముడుచుకుపోతుంది, ఒకటి బాక్టీరియాకు బలవుతుంది, ఒకదానికి ఎక్కడో తేడా వచ్చి ఎవరికీ అర్థం కాని ఫలితం వస్తుంది. నాలుగేళ్ల ఫెలోషిప్పులో ఇలాంటివి ఎన్ని పడతాయో మీరే లెక్కేసుకోండి. వ్యాసంలో ఒక చిన్న బొమ్మకింద "మూడు స్వతంత్ర ప్రయోగాల సగటు" అని నాలుగు మాటలుంటాయి. ఆ నాలుగు మాటల్లో ఏడాదిన్నర ఉంటుంది.

పళ్లెంలో పలచగా పరిచిన కణాలను వదిలి, గుండ్రటి ముద్దలుగా పెంచే పద్ధతి ఇంకోటి ఉంది. 2013లో వియన్నాలో మాడలీన్ లాంకాస్టర్, యుర్గెన్ క్నోబ్లిష్ ఇలా పెంచిన నాలుగు మిల్లీమీటర్ల ముద్దల్లో మెదడు పొరల పోలికలు కనిపించాయి. తల చిన్నగా ఉండే మైక్రోసెఫలీ జబ్బున్న రోగి కణాల నుంచి పెంచిన ముద్దలు నిజంగానే చిన్నగా వచ్చాయి. 2016లో జికా వైరస్ బ్రెజిల్‌లో భయం పుట్టించినప్పుడు, అది మెదడు మూలకణాలనే ఎలా మింగుతుందో ఇలాంటి ముద్దల్లో నెలల్లోనే చూపగలిగారు. 2019లో శాన్‌డియాగోలో అలీసన్ మువోత్రి బృందం నెలల తరబడి పెంచిన ముద్దల్లో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఈఈజీని, అంటే మెదడు విద్యుత్ రికార్డును, తలపించే అలలు చూసింది. దీన్ని పట్టుకుని "ల్యాబ్‌లో పసిమెదడు" అని రాసినవాళ్లున్నారు. పోలిక పోలికే. ఆ ముద్దకు రక్తనాళాలు లేవు, కళ్లు చెవులు లేవు, నడిబొడ్డున ఆక్సిజన్ అందక కణాలు చనిపోతూ ఉంటాయి.

వీడియో గేమ్ సంగతి కూడా ఇక్కడే. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్‌లో బ్రెట్ కేగన్ బృందం దాదాపు ఎనిమిది లక్షల న్యూరాన్లను, కొన్ని పళ్లేల్లో మనిషివి, కొన్నింటిలో ఎలుకవి, ఎలక్ట్రోడ్ల మీద పెంచి పాంగ్ అనే పాత బంతాటకు కలిపింది. బంతి ఎక్కడుందో విద్యుత్తుతో చెప్పారు, కణాల స్పందనతో బ్యాటు కదిలింది. బంతి తగిలితే క్రమమైన సంకేతం, తప్పితే ఒక తీరూ తెన్నూ లేని రొద. కొన్ని నిమిషాల్లో ఆట కొంత మెరుగైంది. ఇంతవరకూ అద్భుతమే. ఆ వ్యాసం శీర్షికలోనే ఆ కణాలకు చేతన అంటగట్టేసరికి తగువు లేచింది, మరుసటి ఏడాది అదే పత్రికలో పలువురు శాస్త్రవేత్తలు అభ్యంతరం రాశారు. ఎనిమిది లక్షలంటే తేనెటీగకున్న న్యూరాన్ల కన్నా తక్కువ. తేనెటీగకు కనీసం పువ్వు దగ్గరకు దారి తెలుసు, తిరిగి పట్టుకు చేరడం తెలుసు. నాకైతే ఆ పెద్ద మాట తొందరపాటనిపించింది. కణాలకు లేని తొందర.

మన దగ్గర బెంగళూరులో ఇన్‌స్టెమ్, నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్ సంస్థలు కలిసి, ఒకే కుటుంబంలో ఎక్కువమందికి తీవ్రమైన మానసిక వ్యాధులున్న ఇళ్ల నుంచి రక్తం తీసుకుని మూలకణాలు తయారుచేస్తున్నాయి. అదే ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ల న్యూరాన్లూ లేనివాళ్ల న్యూరాన్లూ పక్కపక్కన పెంచి పోల్చగలగడం దాని బలం. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు ఇవే మూలకణాల నుంచి చిన్న కార్నియాలను పెంచి 2017లో ప్రచురించారు. మేనరికాలు ఇంకా మామూలైన మన ప్రాంతంలో, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి కలిసి వచ్చే అరుదైన మెదడు జబ్బులు మిగతాచోట్ల కన్నా ఎక్కువగా ఎదురవుతాయి. ఆ కుటుంబాలు ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఒక జన్యువు పేరున్న కాగితంతో ఇంటికొస్తాయి. ఆ పేరు ఆ బిడ్డ మెదడులో ఏం పాడుచేస్తోందో చూడటానికి ఇంతకన్నా దగ్గర దారి ఇవాళ్టికి లేదు.

ఫిన్లాండ్‌లో డాక్టరేట్ పట్టాల ఉత్సవంలో కొత్త డాక్టర్లు నల్లటి ఎత్తు టోపీ పెట్టుకుని నడుముకు కత్తి కట్టుకుంటారు. మన దగ్గర వైవా అయ్యాక సమోసా, జిలేబీ. ఎక్కడైనా ఆ విద్యార్థి ల్యాబ్ విడిచే వారం చేసే ఆఖరి పని మాత్రం ఒకటే. న్యూరాన్ల పళ్లేలు పారేయాల్సిందే. నెలల తరబడి మోగిన ఆ అల్లికను దాచి మళ్లీ బతికించే మార్గం లేదు. మూలకణాలను మాత్రం వేలెడంత సీసాల్లో నింపి, మూత మీద పేరూ తేదీ రాసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని ట్యాంకులో దించుతారు. తర్వాతి ఏడాది కొత్తగా చేరిన పిల్ల ఎవరో మందపాటి గ్లవుజులు తొడుక్కుని, పొగలోంచి ఒక సీసా పైకి తీసి, గోరువెచ్చని నీళ్లలో నిమిషంపాటు ఆడించి, కళ్లాపి చల్లిన పళ్లెంలో పోస్తుంది. కణాలు అతుక్కుని పెరిగి పళ్లెం నిండాక, వాటిని న్యూరాన్ల దారి పట్టించే పొద్దున మూత మీద మార్కర్‌తో రాస్తుంది: 0వ రోజు.